ల్యాప్ టైమ్ చూసి కారుని తేల్చేయొచ్చా? విశాఖ పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ట్రాక్ మీద స్పోర్ట్స్ కార్ల తీరు గురించి విశాఖ నుంచి వచ్చిన ప్రశ్నలు గుట్టగా పేరుకుపోయాయి. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వాటికే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి ఒక్కటి చేశాం.

ప్రశ్న: జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ ట్రాకులో ఒక చుట్టుకి (ల్యాప్‌కి) పట్టే టైములు చూసి మా ఫ్రెండ్స్ మధ్య రోజూ గొడవే. లంబోర్గినీ హురాకాన్ పెర్ఫార్మాంటే 6 నిమిషాల 52 సెకన్లు, 2021లో వచ్చిన పోర్షే 911 జీటీ3 దాదాపు 7 నిమిషాలు. అంటే మలుపుల్లో లంబోర్గినీయే మెరుగని ఒప్పేసుకోవచ్చా?
— సీతమ్మధార పాఠకుడు

ఒప్పుకోవద్దు. ముందు మీ లెక్కే సరిచేద్దాం. పెర్ఫార్మాంటే 6:52.01 అన్నది 20.6 కిలోమీటర్ల కొలత. జీటీ3 పేరు మీద ఉన్న 6:59.927 పూర్తి చుట్టు, 20.832 కిలోమీటర్లది. పాత పద్ధతిలో బయల్దేరే గీతకీ ముగింపు గీతకీ మధ్య చిన్న ముక్క లెక్కలోకి వచ్చేది కాదు. అదే 20.6 కిలోమీటర్లకి జీటీ3 టైము 6:55.2 అని పోర్షేయే చెప్పింది. ఎనిమిది సెకన్లు కాస్తా మూడు సెకన్లయింది చూశారా. పైగా హురాకాన్‌ది 640 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకీ శక్తి. జీటీ3ది 510, వెనక చక్రాలకే. అంత పవర్ తేడా పెట్టుకుని, అంత పొడవు ట్రాకులో మూడు సెకన్లే తేడా వచ్చిందంటే మలుపుల్లో ఎవరు వెనకబడి ఉంటారో మీరే ఆలోచించండి.

ల్యాప్ టైములో అన్నీ కలిసిపోతాయి: ఇంజిన్, టైరు, డ్రైవరు, ఎండ, ట్యాంకులో పెట్రోలు. కారు మలుపు తీరు తెలియాలంటే ప్రతి మలుపునీ మూడు ముక్కలు చేసి చూడాలి. బ్రేక్ ఎక్కడ తొక్కారు, మలుపు నడుమ కనిష్ఠ వేగం ఎంత, యాక్సిలరేటర్ మళ్లీ పూర్తిగా ఎక్కడ తొక్కగలిగారు. ఈ మూడూ చెప్పలేని పోలిక మాకు పోలికే కాదు.

కొలిచే పరికరం కూడా ముఖ్యం. ఫోన్లో జీపీఎస్ మామూలుగా సెకనుకి ఒక్కసారే రీడింగ్ ఇస్తుంది. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో రెండు రీడింగుల మధ్య బండి 28 మీటర్లు పోతుంది. మలుపు మధ్య వేగం ఆ సందులోనే జారిపోతుంది. సెకనుకి కనీసం పది రీడింగులిచ్చే లాగర్ (వేగాన్ని నమోదు చేసే పరికరం) కావాలి.

ఎందుకంత సూక్ష్మం? 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు తీసుకోండి. టైర్లు పక్కకి 1.0 జీ పట్టు (అంటే కారు బరువుకి సమానమైన బలం) ఇస్తే గంటకి 80 కిలోమీటర్ల వేగంతో తిరగొచ్చు. 1.1 జీ ఇస్తే 84. పట్టు పది శాతం పెరిగినా వేగం పెరిగింది నాలుగు కిలోమీటర్లే. 90 డిగ్రీల మలుపులో అది 0.17 సెకను. అలాంటి మలుపులు పన్నెండు ఉంటే రెండు సెకన్లు. ఆ పది శాతం ఒక్క టైరు మార్చినా వచ్చేస్తుంది. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ టైరు మీద ట్రెడ్‌వేర్ అంకె 300 ఉంటుంది, పిరెల్లీ ట్రోఫియో ఆర్ మీద 60. అంకె చిన్నదైతే రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. ఒక కారుకి మొదటిదీ, ఇంకో కారుకి రెండోదీ వేసి "ఫలానా కారు మెరుగు" అన్నారంటే వాళ్లు పోల్చింది టైర్లని, కార్లని కాదు.

నిజంగా రెండు కార్లు పోల్చాలంటే ఒకే డ్రైవరు, ఒకే రోజు, ఒకే తరగతి టైర్లు. పెట్రోలు కూడా సమానంగా ఉండాలి, 60 లీటర్లంటే సుమారు 45 కిలోలు మరి. మొదటి కారు, రెండో కారు, మళ్లీ మొదటి కారు, ఈ వరసలో నడపాలి. మూడో విడత మొదటి విడత కన్నా వేగంగా వస్తే ఆ తేడా డ్రైవరు ట్రాకు నేర్చుకోవడం వల్ల వచ్చింది. అందులో సగాన్ని రెండో కారు లెక్కలోంచి తీసెయ్యాలి. చాలా వీడియోల్లో ఈ మూడో విడతే ఉండదు. ఏ కారు రెండోదిగా నడిపితే అదే గెలుస్తూ ఉంటుంది.

ప్రశ్న: 911కి ఇంజిన్ వెనక చక్రాలకన్నా వెనక ఉంటుంది కదా. తోక బరువుతో గిరగిరా తిరిగిపోవాలి. మరి ట్రాక్ మీద అదెలా నెగ్గుకొస్తోంది? లెక్కతో చెప్పండి.
— గాజువాక పాఠకుడు

లెక్క అడిగారు గనక లెక్కే చెబుదాం, గుణకారం, భాగాహారం వస్తే చాలు. బ్రేక్ తొక్కితే వెనక నుంచి ముందుకి మారే బరువు ఎంతంటే, కారు బరువుని జీ తోనూ, గురుత్వకేంద్రం ఎత్తుతోనూ గుణించి, వీల్‌బేస్‌తో భాగించాలి. 1,500 కిలోల కారు, ఎత్తు 0.46 మీటర్లు, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2.45 మీటర్లు, 1 జీ బ్రేకింగ్. మారేది సుమారు 280 కిలోలు.

ఇప్పుడు 911 తరహాలో ముందు 39, వెనక 61 శాతం ఉన్న కారు తీసుకోండి. నిలబడి ఉంటే ముందు 585, వెనక 915 కిలోలు. బ్రేక్ తొక్కితే ముందు 865, వెనక 635. నాలుగు టైర్లూ పనిలో ఉన్నాయి. అదే ముందు 53 శాతం బరువున్న కారయితే 795, 705 కాస్తా 1,075, 425 అవుతాయి. వెనక టైర్లకి పని బాగా తగ్గిపోయింది. భారం ఎక్కువగా ముందు టైర్ల నెత్తిన. టైరు తత్వం ఏమిటంటే దాని మీద భారం రెట్టింపు చేస్తే పట్టు రెట్టింపు కాదు, తక్కువే పెరుగుతుంది. అందువల్ల బరువు నాలుగింటి మీదా పంచుకున్న కారు అదే రబ్బరుతో ముందే ఆగుతుంది. మలుపు దాటాక యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ అంతే. 0.5 జీ తో దూకితే 140 కిలోలు వెనక్కి వెళ్లి వెనక 1,055 కిలోలవుతాయి, అంటే మొత్తం బరువులో 70 శాతం. చక్రం ఊరికే తిరగదు.

బ్రేకులోనూ బయటికి దూకడంలోనూ ఇలా లాభపడి, నడుమ భాగంలో మూల్యం చెల్లిస్తుంది. ముందు బరువు తక్కువ కాబట్టి బ్రేక్ పూర్తిగా వదిలేశాక స్టీరింగ్ తిప్పితే ముక్కు తిరగదు, బయటికి తోసుకుపోతుంది. అందుకే 911లో బ్రేక్‌ని మలుపు లోపలిదాకా కొద్దికొద్దిగా వదులుతూ తీసుకెళతారు. ముక్కు మీద బరువు నిలుస్తుంది, కారు తిరుగుతుంది. భయపడి మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీంచి కాలు టక్కున తీస్తే? ఇంజిన్ బ్రేకింగ్ 0.2 జీ అనుకున్నా 56 కిలోలు వెనక నుంచి లేస్తాయి, సరిగ్గా వెనక టైర్లు పక్కకి పూర్తి పట్టుతో పనిచేస్తున్నప్పుడు. తోక జారేది అక్కడే. పాత 911ల చెడ్డపేరంతా ఆ కాలు ఎత్తడం దగ్గర వచ్చిందే.

993 అనే 911 తరంలో వెనక మల్టీలింక్ సస్పెన్షన్ (ఒక్కో చక్రాన్ని పలు కడ్డీలతో పట్టుకునే అమరిక) రావడంతో ఆ గండం చాలావరకు తగ్గింది. ఇప్పటి 992 తరం జీటీ3కి ముందు చక్రాల్ని పైనా కిందా రెండు చేతులతో పట్టుకునే డబుల్ విష్‌బోన్, వెనక చక్రాలకీ కొంచెం స్టీరింగ్, ముందు 255, వెనక 315 మిల్లీమీటర్ల టైర్లు. ఆ అరవై మిల్లీమీటర్ల తేడా అలంకారం కాదు, పైన చెప్పిన 61 శాతానికి సమాధానం. నాలుగూ ఒకే సైజు వేయిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ప్రశ్న: అయితే ఇంజిన్ నడుమ ఉన్న కేమన్ జీటీ4, మెక్‌లారెన్ లాంటివి ఇంకా మెరుగు కావాలి కదా?
— గోపాలపట్నం పాఠకుడు

తిరగడంలో మెరుగే. బరువంతా నడుమ ఉంటే కారుని తిప్పడానికి తక్కువ బలం చాలు, ఎడమ కుడి మలుపులు వెంటవెంటనే వచ్చేచోట ఆ హాయి స్టీరింగ్‌లో తెలుస్తుంది. కానీ తేలిగ్గా తిరిగేది తేలిగ్గానే గింగిరాలూ తిరుగుతుంది. హద్దు దాటితే మీ చేతికి దొరికే వ్యవధి తక్కువ. కొత్తవాళ్లకి ఇంజిన్ ముందున్న కారు ఇచ్చే హెచ్చరిక ఎక్కువ.

కేమన్ జీటీ4 (718)ది 4 లీటర్ల ఇంజిన్, 420 హార్స్‌పవర్, సుమారు 1,420 కిలోలు. మా దృష్టిలో దాని లోపం ఛాసిస్‌లో లేదు, గేర్లలో ఉంది. రెండో గేరే 130 దాటి సాగుతుంది. చిన్న ట్రాకులో నెమ్మది మలుపు దాటేటప్పుడు రెండో గేరులో ఉంటే ఇంజిన్ దమ్ములోకి రాదు, మొదటిది వెయ్యలేరు. మెక్‌లారెన్ 720ఎస్‌ది ఇంకో దారి. మలుపులో ఒరగకుండా ఆపే కడ్డీలు, అంటే యాంటీరోల్ బార్లు లేవు, నాలుగు డ్యాంపర్లనీ (షాక్ అబ్జార్బర్లని) హైడ్రాలిక్ గొట్టాలతో కలిపారు. ఎత్తుపల్లాల మీద మెత్తగా ఉంటూనే మలుపులో ఒరగదు. ఒక చక్రం జారితే శక్తిని రెండో చక్రానికి పంపే మెకానికల్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ లేదు, లోపలి చక్రానికి బ్రేక్ వేసి ఆ పని చేయిస్తుంది. ట్రాక్ మీద గంటసేపు దంచితే ఆ బ్రేకులకి అదనపు వేడి అక్కడి నుంచి వస్తుంది.

ప్రశ్న: నిస్సాన్ జీటీ-ఆర్ దాదాపు 1,750 కిలోలు. అంత బరువు బండి తేలిక కార్లతో ఎలా పోటీ పడింది?
— మధురవాడ పాఠకుడు

మలుపు బయట గెలిచింది. గేర్‌బాక్స్‌ని వెనక పెట్టి బరువు సర్దారు. మామూలుగా శక్తి వెనక చక్రాలకే వెళుతుంది, అవి జారబోతున్నాయనగానే సగం దాకా ముందుకి మళ్లిస్తుంది. 911లో మీరు ఆచితూచి తొక్కాల్సినచోట జీటీ-ఆర్‌లో ఒక్కసారే తొక్కేయొచ్చు.

ఆ బరువు ఊరికే పోదు. 220 నుంచి 80 కి తగ్గడానికి 1,500 కిలోల కారు బ్రేకులు 24 లక్షల జౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. 1,750 కిలోలయితే 28 లక్షల పైమాటే. 1 జీ తో ఆపితే ఇదంతా నాలుగే సెకన్లలో. కాబట్టి జీటీ-ఆర్‌లో తొలి మూడు చుట్లు బ్రహ్మాండంగా వచ్చి, ఆ తర్వాత బ్రేకులూ ముందు టైర్ల బయటి అంచులూ అలిసిపోతాయి. ఒక్క చుట్టు పోలికలో ఇది కనబడదు. పది చుట్ల సగటు అడగండి. ఈ కారు తయారీ 2025లో ఆగిపోయింది. పాతది కొంటుంటే ముందు టైర్ల బయటి భుజాలు, డిస్క్‌ల అంచు చూస్తే అది ట్రాక్ ఎంత చూసిందో చెప్పేస్తాయి.

ప్రశ్న: వెనక పెద్ద రెక్క బిగిస్తే మలుపుల్లో పట్టు పెరుగుతుందా?
— కంచరపాలెం పాఠకుడు

911 జీటీ3 ఆర్‌ఎస్ (992)ని గాలి కిందికి నొక్కే ఒత్తిడి 200 కిలోమీటర్ల వేగంలో 409 కిలోలు, 285 లో 860 కిలోలు అని పోర్షే లెక్క. ఇది వేగాన్ని వేగంతో గుణించిన లెక్కన మారుతుంది కాబట్టి 70 కిలోమీటర్ల మలుపులో చేతిలో మిగిలేది స్వల్పం. మరో మాట, ఆ కారుకి ముందు కూడా అంతే జాగ్రత్తగా ఒత్తిడి పుట్టిస్తారు. వెనక ఒక్కటే బిగిస్తే వేగం పెరిగేకొద్దీ ముక్కు తేలిపోయి వేగపు మలుపులో కారు తిరగనంటుంది. షాపులో దొరికే రెక్క డిక్కీ రేకుకి నాలుగు స్క్రూలతో నిలబడేదయితే అది పుట్టించేది చప్పుడే.

ప్రశ్న: నాది బీఎండబ్ల్యూ ఎం2, 2023 మోడల్. చెన్నై ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకి తీసుకెళ్లాను. మలుపు మధ్యలో స్టీరింగ్ ఎంత తిప్పినా ముందు భాగం బయటికి పోతోంది. ఏం మార్చాలి? సస్పెన్షన్ కిట్ వేయించమని ఒకరు, టైర్లు మార్చమని ఒకరు అంటున్నారు.
— ఎంవీపీ కాలనీ పాఠకుడు

డబ్బు పెట్టేముందు ఉచితంగా చేయగలిగిన పరీక్షలున్నాయి. వరస ముఖ్యం, మధ్యలో దూకకండి.

మొదటిది మీ వేగం. అదే మలుపులోకి ఐదు కిలోమీటర్లు తగ్గించి వెళ్లండి. సమస్య మాయమైతే అది కారుది కాదు. బ్రేక్ ఆలస్యంగా తొక్కి, లోపలికి ఎక్కువ వేగం తీసుకెళుతున్నారన్నమాట. మా దగ్గరికొచ్చే ఇలాంటి, ముక్కు బయటికి పోయే (అండర్‌స్టీర్) ఫిర్యాదుల్లో ఎక్కువ ఇక్కడే తేలిపోతాయి.

రెండోది మీ చేతులు. ఈ తరహా టైరు గరిష్ఠ పట్టు ఇచ్చేది, అది పోతున్న దిక్కుకీ చూస్తున్న దిక్కుకీ మధ్య ఆరు నుంచి ఎనిమిది డిగ్రీల కోణం ఉన్నప్పుడు. అది దాటాక ఎంత తిప్పితే అంత పట్టు పోతుంది. దీన్ని చెవితో పట్టుకోవచ్చు. హద్దులో ఉన్న టైరు సన్నగా, ఒకే స్థాయిలో కూస్తుంది. హద్దు దాటిన టైరు మోత బొంగురుపోయి గరగరలోకి దిగుతుంది, స్టీరింగ్ బరువు చేతిలోంచి ఒక్కసారి తేలికైపోతుంది. ఆ క్షణంలో ఇంకా తిప్పాలనిపిస్తుంది. తిప్పకండి, కొంచెం వెనక్కి ఇవ్వండి, ముక్కు తిరుగుతుంది.

మూడోది గాలి. బండి మీద స్టిక్కర్ చెప్పే ప్రెజర్ రోడ్డుకి, ట్రాకుకి కాదు. 30 డిగ్రీల దగ్గర 27 పీఎస్ఐ పెట్టిన టైరు, లోపలి గాలి 80 డిగ్రీలకి చేరేసరికి 34 అవుతుంది, అంటే పది డిగ్రీలకి సుమారు 1.4 పీఎస్ఐ. మీరు రోడ్డు ప్రెజర్‌తోనే వెళ్లి ఉంటే మూడు చుట్ల తర్వాత 40 దాటి, టైరు నడుమ ఉబ్బి, నేలకి ఆనే భాగం తగ్గిపోయి ఉంటుంది. రోడ్డు టైర్లకి వేడి మీద 34 నుంచి మొదలుపెట్టి, ఒక్కో పీఎస్ఐ చొప్పున మారుస్తూ చూడండి. పిట్‌లోకి (ట్రాకు పక్కన కార్లు ఆపే చోటికి) రాగానే, చల్లారకముందే కొలవాలి. పొద్దున సరిపెట్టింది మధ్యాహ్నం ఎండకి సరిపోదు, మళ్లీ చూసుకోవాలి. సాయంత్రం ఇంటిదారి పట్టేముందు స్టిక్కర్ ప్రెజర్‌కి గాలి నింపుకోవడం మర్చిపోవద్దు. తగ్గించిన గాలితో, సామానుతో, విశాఖ దాకా సుమారు 800 కిలోమీటర్లు హైవే మీద వస్తే టైరు గోడలు ఉడికిపోతాయి.

గాలి సరిపోయిందో లేదో చూడటానికి పది రూపాయల సుద్దముక్క చాలు. టైరు భుజం మీద, ట్రెడ్ అంచు నుంచి పక్క గోడ మీదికి మూడు చోట్ల అడ్డగీతలు గియ్యండి. మూడు చుట్లు తిరిగి రండి. చాలా టైర్ల అంచున చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. సుద్ద దానిదాకా చెరిగితే బాగుంది. గుర్తు దాటి గోడ మీదికి చెరిగిందంటే టైరు మడతపడుతోంది, గాలి తక్కువ లేదా క్యాంబర్ (చక్రం వాలు, కిందే చెప్పాం) చాలదు. గుర్తుకి చాలా ముందే ఆగిందంటే గాలి ఎక్కువ.

నాలుగోది క్యాంబర్, అంటే పైభాగం లోపలికి వాలేలా చక్రాన్ని వంచడం. సూది ఉన్న థర్మామీటర్‌తో ముందు టైరు లోపలి అంచు, నడుమ, బయటి అంచు కొలవండి. క్లాక్‌వైజ్ ట్రాకులో ఎక్కువ భారం మోసేది ఎడమ ముందు టైరు కాబట్టి అది మొదట. 78, 84, 96 డిగ్రీలు వచ్చాయనుకోండి. బయటి అంచు మీదే కారు నడుస్తోందని అర్థం, క్యాంబర్ కావాలి. లోపలి అంచు బయటిదానికన్నా ఐదు నుంచి ఎనిమిది డిగ్రీలు ఎక్కువ చూపిస్తే సరిపోయినట్టే. నడుమ ఒక్కటే రెండు అంచులకన్నా వేడిగా ఉంటే అది క్యాంబర్ గోల కాదు, గాలి ఎక్కువ. చేత్తో ముట్టుకుని చూడటం, ఇన్‌ఫ్రారెడ్ గన్ పట్టుకోవడం వద్దు. పైపొర పిట్‌లోకి వచ్చేలోపే చల్లారిపోతుంది, రబ్బరు లోపల ఏముందో అవి చెప్పవు.

కంపెనీ స్ట్రట్‌తో ముందు క్యాంబర్ పెద్దగా మారదు. పైన క్యాంబర్ ప్లేట్లు వేస్తే నెగటివ్ 2.5 డిగ్రీల దాకా వెళ్లొచ్చు. మీ బండికి మేం చెప్పే మొదటి ఖర్చు ఇదే, సస్పెన్షన్ కిట్ కాదు. ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. క్యాంబర్ మార్చగానే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా మారిపోతుంది. దాన్ని తిరిగి సున్నా దగ్గరికి తేకుండా హైవే ఎక్కితే లోపలి అంచు అరిగి తీగ బయటపడుతుంది, నింద క్యాంబర్ మీద పడుతుంది. అలైన్‌మెంట్ చేయించేటప్పుడు సగం ట్యాంకు పెట్రోలు, డ్రైవర్ సీట్లో మీ బరువంత బియ్యం మూటలు పెట్టించండి. షాపువాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

ఇంతా చేశాక కూడా ముక్కు బయటికి పోతుంటే అప్పుడు వెనక యాంటీరోల్ బార్ ఒక మెట్టు గట్టిది. ఎం2కి ముందు 275, వెనక 285, దాదాపు సమానమైన టైర్లు. కాబట్టి అక్కడిదాకా రావాల్సిన అవసరం పడకపోవచ్చు. చక్రాలు విప్పి బిగించినప్పుడల్లా బోల్టులు 140 న్యూటన్ మీటర్లకి టార్క్ రెంచితో బిగించాలి, మొదటి విడత తిరిగొచ్చి చల్లారాక మళ్లీ చూడాలి. పంక్చర్ షాపులో గాలి గన్‌తో బాదించడం వద్దు. జీటీ3లా ఒకే సెంటర్ నట్ ఉన్న కార్లకైతే 600 న్యూటన్ మీటర్లు కావాలి. ఆ రెంచి మామూలు టైర్ల షాపులో ఉండదు, బండితోనే తీసుకెళ్లాలి.

ప్రశ్న: నాలుగో చుట్టులో బ్రేక్ పెడల్ మెత్తగా నేలకి ఆనింది. రెండుసార్లు తొక్కితే మళ్లీ వచ్చింది. ప్యాడ్లు కొత్తవే. బండి ఎక్కువగా ఇంట్లోనే ఉంటుంది, బీచ్ దగ్గర ఇల్లు.
— పెదవాల్తేరు పాఠకుడు

ప్యాడ్లు కావు, బ్రేక్ ఆయిల్. తేడా పట్టుకోవడం సులువు. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కి జారుతున్నాయి. పెడల్ మెత్తబడి కిందికి పోతే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వచ్చాయి. ట్రాకు అంచు దిమ్మ (కెర్బ్) ఎక్కి దిగాక ఒక్కసారి మాత్రమే పెడల్ లోతుకి పోయి తర్వాత మామూలైతే, డిస్క్ ఊగి ప్యాడ్లని వెనక్కి తోసింది.

బ్రేక్ ఆయిల్‌కి గాలిలో తేమని పీల్చే గుణం ఉంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 4 (బ్రేక్ ఆయిల్‌లో ఒక శ్రేణి) ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అదే 3.7 శాతం నీరు కలిస్తే 155కే మరగొచ్చు. డాట్ 5.1కి ఈ అంకెలు 260, 180. సముద్రం పక్కన ఏడాది పొడవునా ఉక్కపోసే ఊళ్లో తేమకి కొదవేముంది? "బండి తిరగలేదు, ఆయిల్ కొత్తదే" అనుకోవడంలోనే చిక్కు ఉంది. తిరగకపోయినా అది నీళ్లు తాగుతూనే ఉంటుంది. రోడ్డుకి రెండేళ్లు చాలు. ట్రాకుకి వెళ్లేవాళ్లు ప్రతిసారీ వారం ముందు మార్చాలి.

సీలు తీయని లీటరు సీసా కొనండి. 300 డిగ్రీలు దాటి మరిగే రేసింగ్ డాట్ 4 రకాలు దొరుకుతాయి. కిందటి ఏడాది సగం వాడి మూత పెట్టినది బండిలో పొయ్యకండి. రిజర్వాయర్‌లోని పాతది సిరంజితో లాగేసి కొత్తది నింపండి. ఏ చక్రం నుంచి మొదలుపెట్టాలో మీ బండి మాన్యువల్ చూడండి. చాలావాటికి మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం మొదట. పారదర్శక గొట్టంలో కొత్త ఆయిల్ రంగు వచ్చి, బుడగలు ఆగేవరకు వదలండి. ఈలోగా రిజర్వాయర్ ఖాళీ అయితే గాలి లోపలికి దూరి పని మళ్లీ మొదటికొస్తుంది. ఒక్క చుక్క పెయింటు మీద పడినా వెంటనే నీళ్లతో కడగండి.

మీరు ఇనుప డిస్క్‌లు వాడుతుంటే బీచ్ గాలికి రాత్రికి రాత్రే పైన తుప్పు పొర పడుతుంది. అది మొదటి నాలుగు బ్రేకులకి పోతుంది, కంగారు అక్కర్లేదు. డిస్క్ లోపలి గాలి సందుల్లో పొరలు పొరలుగా లేస్తే మాత్రం మార్చాలి. చివరి చుట్టు ఎప్పుడూ బ్రేక్ తక్కువగా వాడుతూ నెమ్మదిగా తిరిగి రండి, వచ్చి నిలిపాక హ్యాండ్‌బ్రేక్ లాగకండి. ఎర్రగా కాలిన డిస్క్‌ని ప్యాడ్లు ఒకేచోట పట్టుకుంటే అక్కడ మరక పడి, తర్వాత ప్రతి బ్రేకుకీ స్టీరింగ్ వణుకుతుంది.

ప్రశ్న: అంతదూరం వెళ్లకుండా భీమిలి బీచ్ రోడ్డు మీదో, సింహాచలం ఘాట్ మీదో తెల్లవారుజామున చూసుకోవచ్చా?
— ఆరిలోవ పాఠకుడు

వద్దు. ఎదురుగా ఎవరు వస్తారో తెలియని రోడ్డు మీద హద్దు వెతకలేరు, హద్దు దాకా వెళ్లకుండా ఏ రెండు కార్ల తేడా తెలియదు. మోటారు వాహన చట్టం 189వ సెక్షన్ కింద రోడ్డు మీద వేగ పరీక్షకి మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెళ్లదగ్గ ట్రాకుల్లో ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ట్రాకు ఒకటి, 3.717 కిలోమీటర్లు. కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే 2.1, గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ 5.125. మామూలు కారు ఇన్సూరెన్స్ రేసింగ్‌కీ వేగ పరీక్షలకీ వర్తించదు, పాలసీ కాగితంలో వాడకం పరిమితులు అన్నచోట రాసి ఉంటుంది, చదువుకునే వెళ్లండి.

ప్రశ్న: కారు అసలు తీరు తెలియాలంటే ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారకుండా శక్తిని తగ్గించే ఏర్పాటు) ఆపాల్సిందేనా?
— మర్రిపాలెం పాఠకుడు

పూర్తిగా ఆపక్కర్లేదు. మధ్యస్థ మోడ్‌లో ఉంచి, మీటర్‌లో దీపం ఏ మలుపులో వెలుగుతోందో గమనించండి. దీపం వెలిగిందంటే మీ పాదం తొందరపడుతోంది. ఒక్కసారి కూడా వెలగకుండా అదే టైము తీయగలిగినప్పుడు ఆపే సంగతి ఆలోచించొచ్చు. రెండు కార్లు పోల్చేటప్పుడు మాత్రం రెండింటిలోనూ ఒకే స్థాయి మోడ్ ఉండాలి.

ప్రశ్న: నేను విద్యార్థిని. ఇంట్లో ఉన్నది స్విఫ్ట్. దానితో ట్రాక్ డేకి (సొంత కారుని ట్రాకు మీద నడపనిచ్చే రోజుకి) వెళితే ఏమైనా నేర్చుకుంటానా, నవ్వులపాలవుతానా?
— ఎండాడ పాఠకుడు

నవ్వేవాళ్లని వదిలెయ్యండి. బ్రేక్ ఎక్కడ తొక్కాలి, ఏ గీత పట్టుకోవాలి, బరువు ఎటు మారుతోంది, ఇవన్నీ స్విఫ్ట్‌లో ఇంకా స్పష్టంగా తెలుస్తాయి. పవర్ తక్కువ గనక మలుపులో పోగొట్టుకున్న వేగాన్ని స్ట్రెయిట్‌లో దాచుకోలేరు. నేర్చుకోలేనిది ఒక్కటే, వెనక చక్రాల్ని యాక్సిలరేటర్‌తో అదుపు చేయడం. స్విఫ్ట్‌లో శక్తి ముందు చక్రాలకి వెళుతుంది కాబట్టి మలుపులో తొక్కితే ముక్కు బయటికి, కాలు ఎత్తితే ముక్కు లోపలికి.

కొత్త బ్రేక్ ఆయిల్, సగం కన్నా ఎక్కువ మిగిలిన ప్యాడ్లు, హెల్మెట్ ఉండాలి. మూడు చుట్లు గట్టిగా, ఒకటి నెమ్మదిగా, ఆ లెక్కన నడపండి. ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ మీద పై గీత దగ్గర ఉండాలి. పొడవాటి మలుపుల్లో ఆయిల్ పక్కకి పోయి పంపుకి అందకపోతే బేరింగులు పోతాయి. స్పేర్ టైరు, జాకీ, సీటు కింద దొర్లే నీళ్ల సీసా, డ్రైవర్ వైపు ఫ్లోర్ మ్యాటు తీసి పిట్‌లో పెట్టేయండి. లాగే కొక్కెం మాత్రం ముందే బిగించి ఉంచండి, ఇసుకలో కూరుకున్నాక డిక్కీలో వెతుక్కునే తీరిక ఉండదు.